వదిలేసిన క్యాచ్ ఎవరి లెక్కలో పడుతుంది?

2019 జులై 14న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ స్కోరుకార్డు తీసి, న్యూజిలాండ్ ఫీల్డర్లు ఆ రోజు ఏ పొరపాట్లు చేశారో వెతికితే ఒక్కటీ దొరకదు. జరిగినవి మాత్రం అందరికీ గుర్తున్నాయి. 49వ ఓవర్లో నీషమ్ వేసిన బంతిని ఇంగ్లండ్ బ్యాటర్ స్టోక్స్ గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర బౌల్ట్ దాన్ని పట్టాడు కానీ, పక్కనే ఉన్న గప్తిల్‌కు అందించేలోపు కాలు తాడు మీద పడింది. కార్డు ప్రకారం స్టోక్స్‌కు 6 పరుగులు, నీషమ్ బౌలింగ్‌లో 6 పరుగులు. బౌల్ట్ ప్రస్తావనే లేదు.

చివరి ఓవర్లో ఇంకా చిత్రం. రెండో పరుగు కోసం డైవ్ చేసిన స్టోక్స్ బ్యాటుకు గప్తిల్ విసిరిన బంతి తగిలి బౌండరీ దాటింది. రెండుకు నాలుగు కలిపి ఆరు స్టోక్స్ పేరున, ఆ ఆరూ బౌల్ట్ బౌలింగ్ లెక్కలో పడ్డాయి. గప్తిల్ త్రోలో తప్పేమీ లేదు, వికెట్ల వైపే వచ్చింది. అసలు పొరపాటు అంపైర్లది. 19.8వ నిబంధన ప్రకారం త్రో చేసే క్షణానికి బ్యాటర్లు ఒకరినొకరు దాటి ఉంటేనే ఆ రెండో పరుగు చెల్లుతుంది. అప్పటికి వాళ్లు దాటలేదు కాబట్టి ఐదే ఇవ్వాల్సిందని మాజీ అంపైర్ సైమన్ టౌఫెల్ తర్వాత చెప్పాడు. ఒకరు చేసిన తప్పు వేరొకరి ఖాతాలో పడింది. గప్తిల్ చేయని తప్పు బౌల్ట్ ఖాతాలో పడింది. అంపైర్ల తప్పు ఏ ఖాతాలోనూ లేదు. ఇరు జట్లూ 241 దగ్గరే ఆగిన మ్యాచ్‌లో ఇంత జరిగింది.

దీనికి స్కోరర్లను తప్పుపట్టడానికి లేదు. స్కోరు పుస్తకాన్ని తయారుచేసిందే పరుగుల లెక్క సరిపోల్చుకోవడానికి. బ్యాటర్ల పరుగులు, ఎక్స్‌ట్రాలు కలిపితే మొత్తం రావాలి. బౌలర్లు ఇచ్చిన పరుగులకు బైలు, లెగ్‌బైలు, పెనాల్టీ పరుగులు కలిపినా అదే మొత్తం రావాలి. జరిగిన ప్రతి పరుగుకూ రెండు వైపులా చోటుంది. జరగాల్సి ఉండి జరగనిదానికి ఎక్కడా గడి లేదు. నేలపాలైన క్యాచ్ అంటే పడకుండా పోయిన వికెట్, అది పుస్తకంలోకి ఎలా వస్తుంది? మన అజహరుద్దీన్ వన్డేల్లో 156 క్యాచ్‌లు పట్టాడని, టెస్టుల్లో ద్రావిడ్ 210 పట్టాడని రికార్డులు చెబుతాయి. ఎన్ని అవకాశాల్లో పట్టారన్నది ఏ అధికారిక రికార్డులోనూ ఉండదు. ఎన్ని బంతులాడాడో రాయకుండా పరుగులు మాత్రమే రాస్తే బ్యాటర్ స్ట్రయిక్ రేటు చెప్పలేం కదా, ఫీల్డర్ విషయంలో క్రికెట్ ఇప్పటికీ అక్కడే ఉంది. వైడ్లు, నోబాల్స్ కూడా బౌలర్ లెక్కలో పడటం మొదలైంది 1980లలోనే. అంతకుముందు అవి జట్టు మీదే పడేవి.

ఇక్కడ కష్టం బద్ధకం వల్ల వచ్చింది కాదు. తప్పు అనేది పరుగులాగా కంటికి కనిపించే సంఘటన కాదు. ఏం జరిగిందో, ఏం జరగాల్సిందో, ఆ రెంటి మధ్య ఉన్న తేడాయే తప్పు. మొదటిది వీడియోలో దొరుకుతుంది. రెండోది ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయాన్ని రాసిపెట్టకుండా తప్పులు మాత్రం లెక్కపెట్టిన ప్రతిచోటా, ఎక్కువగా ప్రయత్నించేవాడికే శిక్ష పడుతోంది.

అవకాశం అని దేన్ని అనాలి?

క్యాచ్‌లనే తీసుకుందాం. ఫాస్ట్ బౌలింగ్‌లో ఎడ్జ్ తీసుకున్న బంతి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకు 33 మీటర్లు ప్రయాణిస్తుంది. స్లిప్ ఫీల్డర్ బ్యాటుకు 15 మీటర్ల దూరంలో ఉంటే అతనికి దొరికేది 0.45 సెకను. చూసింది మెదడుకు ఎక్కి చేతులు కదలడానికే సెకనులో ఐదో వంతు పోతుంది. మిగిలిన పావు సెకనులో చేతులు బంతి దారిలోకి రావాలి. కష్టమే, కానీ మంచి స్లిప్ ఫీల్డర్ దాన్ని పట్టాలని ఆశించడం న్యాయం.

షార్ట్ లెగ్‌లో నిలబడ్డవాడి లెక్క వేరు. బ్యాటుకు రెండున్నర మీటర్ల దూరం, బంతి వేగం గంటకు 90 కిలోమీటర్లే అనుకున్నా అతనికి దొరికేది 0.1 సెకను. అంటే చేతులు కదలడం మొదలయ్యేలోపే బంతి దాటిపోతుంది. అది చేతికి తగిలి కింద పడితే కామెంటేటర్ 'క్యాచ్ వదిలాడు' అంటాడు, బంతి వారీ రాతల్లోనూ అదే ఎక్కుతుంది. నిజానికి చేతులు ముందే సరైన చోట ఉంచాడు కాబట్టే తగిలింది. భయపడి వెనక్కి తిరిగినవాడి వీపుకు తగిలిన బంతిని ఎవరూ అవకాశంగా రాయరు.

డీప్‌లో పైకి లేచిన బంతిది మరో రకం చిక్కు. నాలుగు సెకన్లు గాల్లో ఉండే బంతి కింద పడేలోపు సెకనుకు 6 మీటర్లు పరుగెత్తే ఫీల్డర్ ఇరవై మీటర్ల దూరం చేరగలడు. బ్యాటు నుంచి బంతి లేచాక కదలడానికి అర సెకను ఆలస్యం చేశాడంటే 3 మీటర్లు పోయినట్టే. అప్పుడు బంతి అతని ముందు నేలను తాకుతుంది, అతను చక్కగా ఆపి విసురుతాడు, ఒక పరుగు. కార్డులోనూ, కామెంటరీలోనూ, ఎవరి జ్ఞాపకంలోనూ అది తప్పు కాదు. అదే బంతికి వెంటనే కదిలిన ఫీల్డర్ చివరి అడుగులో డైవ్ చేసి చేతుల్లో పెట్టుకోలేకపోతే 'డ్రాప్'. తప్పుల లెక్క మొత్తంలో ఇంతకన్నా అన్యాయమైనది మరోటి లేదు. ఆలస్యంగా కదిలినవాడు మచ్చ లేకుండా మిగులుతాడు.

ఇద్దరి మధ్య పడే బంతి గురించి చెప్పనక్కర్లేదు. నీదంటే నీదని కీపరూ ఫస్ట్ స్లిప్పూ చూస్తూ ఉండగా బంతి మధ్యలోంచి బౌండరీకి పోతుంది. తగల్లేదు కాబట్టి డ్రాప్ కాదు. ఆ వారం సారాంశంలో ఆ జట్టు 'ఒక్క క్యాచ్ కూడా వదల్లేదు'.

నూరేళ్లకు పైగా తప్పులు రాస్తున్న ఆట

బేస్‌బాల్ ఈ పనిని క్రికెట్ కన్నా చాలా ముందే మొదలుపెట్టింది. అమెరికాలో ప్రతి మేజర్ లీగ్ మ్యాచ్‌కూ ఒక అధికారిక స్కోరర్ కూర్చుంటాడు. బ్యాటర్ బేస్ చేరింది తన హిట్ వల్లా, ఫీల్డర్ తప్పు వల్లా అని తేల్చేది ఆయనే. తప్పు వల్ల అయితే 'ఎర్రర్' అని ఫీల్డర్ పేరున రాస్తాడు. స్కోర్‌బోర్డు మీద పరుగులు, హిట్లు, ఎర్రర్లు పక్కపక్కనే వెలుగుతాయి. ఎర్రర్ వల్ల వచ్చిన పరుగులు పిచ్చర్ (బంతి విసిరేవాడు) సగటులో కలవవు. ఆ ఇన్నింగ్స్‌లో తప్పు జరగకపోయి ఉంటే ఏమయ్యేదో స్కోరర్ మళ్లీ కట్టి చూసి లెక్కేస్తాడు.

ఆ నిబంధన కొలబద్దను దాచలేదు, దాన్ని మెచ్చుకోవాలి. 'సాధారణ ప్రయత్నం' అంటే ఆ లీగ్‌లో ఆ స్థానంలో ఆడే సగటు నైపుణ్యం ఉన్న ఫీల్డర్, మైదానం, వాతావరణం స్థితిని బట్టి చేయగలిగినది అని రాసి ఉంటుంది. దానికి తగ్గితేనే ఎర్రర్. అయితే ఆ వెంటే ఇంకో మాట ఉంది: ఆలోచనలో జరిగిన పొరపాట్లను, అంచనా తప్పడాన్ని, వేరే నిబంధన చెబితే తప్ప, ఎర్రర్‌గా రాయకూడదు. తప్పు బేస్‌కు విసరడం, ఆలస్యంగా కదలడం, ఇద్దరి మధ్య బంతిని వదిలేయడం లాంటివి చాలావరకు ఇక్కడే జారిపోతాయి. చేతులు చేసిన తప్పే లెక్కలోకి వస్తుంది, బుర్ర చేసింది రాదు.

ఫలితం ఎలా ఉంటుందో ఇద్దరు షార్ట్‌స్టాప్‌లను (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్లను) చూస్తే తెలుస్తుంది. 1980 సీజన్లో ఓజీ స్మిత్ 24 ఎర్రర్లు చేశాడు. 2010లో డెరెక్ జీటర్ చేసినవి 6 మాత్రమే, ఫీల్డింగ్ శాతం (వచ్చిన అవకాశాల్లో ఎర్రర్ లేకుండా ముగించినవాటి వాటా) .989. ఈ అంకెలే చూస్తే జీటర్ ఎంతో మేలు. కానీ స్మిత్ ఆ ఏడాది 621 అసిస్టులు (ఔట్ చేయడానికి తోటి ఫీల్డర్‌కు బంతి అందించడం) చేశాడు, షార్ట్‌స్టాప్‌లలో అది రికార్డు. క్యాచ్‌లూ ఎర్రర్లూ కలుపుకుంటే అతని చేతికి వచ్చిన అవకాశాలు తొమ్మిది వందలు దాటాయి. జీటర్ ఫీల్డింగ్ శాతం నుంచి వెనక్కి లెక్కకడితే అతనివి దాదాపు 550. 2010 నాటికి స్ట్రయికౌట్లు (బంతిని ఆటలోకి కొట్టకుండానే బ్యాటర్ ఔటవడం) పెరిగి ఫీల్డర్ల వైపు వచ్చే బంతులు తగ్గాయి కాబట్టి ఆ తేడా మొత్తం నైపుణ్యం తేడా అనడం సరికాదు. అయినా ఎంత దూరం వెళ్లి బంతిని అందుకున్నారో కొలిచే లెక్కలు వచ్చాక జీటర్ డిఫెన్స్‌కు మంచి మార్కులు పడలేదు. అతనికి మాత్రం ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లోవ్ అవార్డులు ఐదు వచ్చాయి. అందనిదాన్ని వదలడం ఎర్రర్ కాదు. అందుకోబోయి జారవిడవడం ఎర్రర్. ఈ ఒక్క అసమానత ఆ అంకెను దశాబ్దాల పాటు తప్పుదోవ పట్టించింది.

2015లో మేజర్ లీగ్ మైదానాలన్నింట్లోనూ స్టాట్‌కాస్ట్ కెమెరాలు, రాడార్లు వచ్చాక దారి మారింది. ఇప్పుడు ప్రతి బంతికీ ముందు అంచనా కడతారు. అది గాల్లో ఎంతసేపు ఉంది, ఫీల్డర్ ఎంత దూరం వెళ్లాలి, ఏ దిశలో వెళ్లాలి అన్నవి చూసి దాన్ని పట్టే సంభావ్యత ఎంతో తేలుస్తారు. నూటికి 25 మంది పట్టగలిగే బంతిని పట్టినవాడికి 0.75 జమ. వదిలినవాడికి 0.25 మాత్రమే ఖర్చు. నూటికి 95 మంది పట్టే బంతిని వదిలితే 0.95 పోతుంది. పట్టినా మిగిలేది 0.05. కదలకుండా నిలబడినవాడికి కూడా లెక్క పడుతుంది, ఎందుకంటే బంతి గాల్లో ఉన్న సమయాన్ని బట్టే సంభావ్యత కట్టారు గానీ అతని చేతికి తగిలిందా అన్నది చూసి కాదు. ఎర్రర్ రాయడం బేస్‌బాల్ మానలేదు, పాత గడి అలాగే ఉంది. కానీ జట్లు ఆటగాళ్లకు ధర కట్టేటప్పుడు ఇప్పుడు ఆ గడి వైపు అంతగా చూడవు.

తప్పు ఖరీదు ఎంత?

1990 జులైలో లార్డ్స్ టెస్టులో టాస్ గెలిచిన కెప్టెన్ అజహరుద్దీన్ ఇంగ్లండ్‌కు బ్యాటింగ్ ఇచ్చాడు. గూచ్ 36 పరుగుల మీద ఉండగా సంజీవ్ శర్మ బౌలింగ్‌లో కీపర్ కిరణ్ మోరే క్యాచ్ వదిలాడు. గూచ్ 333 కొట్టాడు. ఇంగ్లండ్ 4 వికెట్లకు 653 దగ్గర డిక్లేర్ చేసి, చివరికి 247 పరుగులతో గెలిచింది. ఆ క్యాచ్ ఖరీదు 297 పరుగులని ఇప్పటికీ చెబుతుంటారు.

ఈ లెక్క తప్పు. వదిలిన క్షణంలో మోరే చేతిలోంచి జారింది గూచ్ ఇంకా చేయగలిగే సగటు పరుగులు మాత్రమే. గూచ్ టెస్టు సగటు 42.58. కుదురుకున్న బ్యాటర్ అక్కడి నుంచి ఇంకా దాదాపు తన సగటంత చేస్తాడని తీసుకుంటే ఖరీదు 40 నుంచి 50 పరుగుల మధ్య ఉంటుంది. మిగతా రెండు వందల యాభై పరుగులకు తర్వాత వేసిన వందల బంతులు, పిచ్, గూచ్ ఆట అన్నీ కారణమే. తర్వాతి బంతికే గూచ్ ఔటై ఉంటే మోరే తప్పు ఖరీదు సున్నా అనాల్సి వచ్చేది. చేసిన పని ఒకటే అయినప్పుడు తర్వాత మరెవరో ఆడిన ఆటను బట్టి దాని ధర సున్నా నుంచి 297 వరకూ మారకూడదు. డర్హమ్ కీపర్ క్రిస్ స్కాట్ 1994లో ఎడ్జ్‌బాస్టన్‌లో లారాను 18 దగ్గర వదిలితే లారా 501 నాటౌట్‌గా నిలిచాడు. స్కాట్ చేతులు ఆ రోజు మోరే చేతులకన్నా రెట్టింపు చెడ్డవి కావు.

మోరే పేరు మిగిలింది, టాస్ నిర్ణయం మాత్రం ఏ అంకెలోకీ రాలేదు. అదే మ్యాచ్‌లో అజహర్ కొట్టిన 121 స్కోరుకార్డులో ఉంది. బ్యాటింగ్ ఇవ్వడం వల్ల పోయిన పరుగులకు గడి లేదు. స్లిప్‌ను తీసేసిన మరుసటి బంతే అక్కడినుంచి ఫోర్ పోయినప్పుడూ ఇంతే. కెప్టెన్ల తప్పులు బౌలర్ల ఎకానమీలో కలిసిపోతాయి.

కాబట్టి ఖరీదు రాసేటప్పుడు రెండు అంకెలు వేరుగా ఉంచాలి. ఒకటి ఆ క్షణానికి అంచనా నష్టం, ఆటగాడిని తూచాల్సింది దానితోనే. రెండోది తర్వాత నిజంగా జరిగినది, అది మ్యాచ్ కథ రాయడానికి పనికొస్తుంది. రెండూ కలిపి రాసిన రిపోర్టులు కోచ్‌ల చేతిలో తరచూ శిక్షా పత్రాలవుతాయి.

పదిమంది కలిసి చేసిన పని, ఒక్కరి పేరున తప్పు

క్యాచ్ కనీసం ఒక్కరి చేతిలో పడేది. మిగతా తప్పులు అలా కాదు. రనౌట్ చూడండి. ఔటైన బ్యాటర్ పేరున వికెట్ పడుతుంది. పిలిచి వెనక్కి పంపిన పార్ట్‌నర్‌కు ఏమీ కాదు. వికెట్ ముందు పడిన బంతికి స్ట్రయికర్, వెనక్కి పోయిన బంతికి నాన్‌స్ట్రయికర్ పిలవాలన్నది అలవాటుగా వస్తున్న పద్ధతి. దాన్ని పట్టుకుని వీడియో చూస్తే ఎవరి పిలుపు, ఎవరి ఆలస్యం అన్నది చాలావరకు తేలుతుంది. కానీ మైదానంలో పిలుపు వినిపించే ఆడియో లేకపోతే సగం కేసుల్లో ఊహే మిగులుతుంది.

కబడ్డీలో ఈ చిక్కు ఇంకా గట్టిది. తెలుగు టైటాన్స్ 2014లో తొలి సీజన్ నుంచీ ఆడుతున్న ప్రో కబడ్డీ లీగ్ గణాంకాల్లో రైడ్లు విజయవంతం, విఫలం, ఖాళీ అని మూడు రకాలు. ట్యాకిళ్లు సఫలం, విఫలం అని రెండు. ఇప్పుడు ఒక రైడ్ ఊహించుకుందాం. లెఫ్ట్ కార్నర్ డిఫెండర్ యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) వేశాడు. కవర్ డిఫెండర్ వచ్చి నడుం పట్టుకోవాలి, అర సెకను ఆలస్యమైంది. రైడర్ లాక్కుంటూ వెళ్లి మధ్యగీత తాకాడు. పట్టుకున్నవాళ్లు, తాకినవాళ్లు అందరూ ఔట్. గణాంకాల్లో విఫల ట్యాకిల్ సాధారణంగా మొదట పట్టు వేసినవాడి పేరున పడుతుంది. కార్నర్ తొందరపడ్డాడా, కవర్ నిద్రపోయాడా? ఒక్కోసారి ఇద్దరూ సరిగ్గానే చేశారు, రైడర్ బలమే ఎక్కువ. ఇలాంటివి నాలుగైదు తన ఖాతాలో పడ్డ కార్నర్ ఆటగాడు తర్వాత మ్యాచ్‌లో పట్టు వేయడం మానేసి వెనక్కి తగ్గుతూ ఉంటాడు. అతని ట్యాకిల్ శాతం మెరుగుపడుతుంది, ప్రత్యర్థి రైడర్ మాత్రం బోనస్ గీత దాటి పాయింట్లు ఏరుకుంటూ ఉంటాడు.

ఖాళీ రైడ్ తప్పా కాదా అన్నది స్కోరు, గడియారం చూడకుండా చెప్పలేం. ఆరు పాయింట్ల ఆధిక్యంతో చివరి రెండు నిమిషాల్లో 30 సెకన్లు కూత పెట్టి ఖాళీగా తిరిగొచ్చినవాడు జట్టు చెప్పిన పనే చేశాడు. ఇక వరుసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చే డూ ఆర్ డై రైడ్ సంగతి. దానికి పంపే ఆటగాడు తరచూ వేరొకడు. పాయింట్ తెస్తేనే బతుకుతాడని డిఫెన్స్‌కు తెలుసు, అతనికీ తెలుసు. ఔటైతే విఫల రైడ్ అతనిది. ఆ పరిస్థితి తెచ్చిపెట్టిన ముందటి రెండు ఖాళీ రైడ్లు మెయిన్ రైడర్‌వి, వాటికి అతని ఖాతాలో నష్టమేమీ లేదు. డూ ఆర్ డై రైడ్లను విడదీయకుండా రైడర్ల విజయశాతం పోల్చిన ప్రతి పట్టికా ఈ మూడో మనిషికి అన్యాయం చేస్తుంది.

బాస్కెట్‌బాల్‌లో టర్నోవర్ సూటిగా ఉంటుంది, బంతి పోగొట్టినవాడి పేరున పడుతుంది. ఎన్‌బీఏలో ఒక సీజన్‌లో అత్యధిక టర్నోవర్ల రికార్డు 2016–17లో జేమ్స్ హార్డెన్‌ది, 464. అదే సీజన్‌లో లీగ్‌లో అసిస్టుల్లో మొదటివాడూ అతనే. బంతి ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటే పోగొట్టేదీ వాడే. 24 సెకన్లలో షాట్ వేయలేకపోతే మాత్రం అది జట్టు టర్నోవర్. ఇరవై సెకన్లు వృథా చేసి చివరి క్షణంలో పక్కవాడికి బంతి తోసినవాడు అలా తప్పించుకుంటాడు. వాలీబాల్‌లో చెడ్డ రిసెప్షన్ (సర్వ్‌ను అందుకోవడం) వల్ల సెట్టర్ పరుగెత్తి ఇచ్చిన బంతిని స్పైకర్ నెట్‌లోకి కొడితే తప్పు స్పైకర్‌ది. అందుకే వాలీబాల్ విశ్లేషకులు రిసెప్షన్‌కు విడిగా గ్రేడు వేసి, మంచి రిసెప్షన్ తర్వాత చేసిన దాడి, చెడ్డ రిసెప్షన్ తర్వాత చేసిన దాడి వేర్వేరుగా చూస్తారు. మిగతా ఆటలు వెంటనే నేర్చుకోదగ్గ అలవాటు ఇది.

ఫుట్‌బాల్ గణాంకాల్లో 'గోల్‌కు దారితీసిన తప్పు' అనే గడి ఉంది. 2018 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ కీపర్ కారియస్ చేసిన రెండు తప్పులూ అందులో సందేహం లేకుండా పడతాయి. మ్యాచ్ తర్వాత పరీక్షించిన డాక్టర్లు అతని తలకు దెబ్బ తగిలి కంకషన్ అయిందని తేల్చారు. అది ఏ గడిలోకీ రాదు. ఆఫ్‌సైడ్ గీత నుంచి ఒక్క అడుగు వెనక నిలబడిపోయిన డిఫెండర్ బంతినే తాకలేదు కనుక అతనికీ గడి లేదు.

చిన్న జట్టు చేయగలిగేది

కెమెరాలు, రాడార్లు లేని కాలేజీ, జిల్లా స్థాయి క్రికెట్ జట్టుకు కూడా పనికొచ్చే పద్ధతి ఉంది. దానికి కావలసింది ఒక ఫోన్, ఒక స్టాండు, ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు.

ఫోన్‌ను బౌలర్ వెనక, సైట్‌స్క్రీన్ పక్కన, మూడు నాలుగు మీటర్ల ఎత్తులో పెట్టాలి. సెకనుకు 30 ఫ్రేముల్లో తీస్తే 120 కిలోమీటర్ల బంతి ఒక్కో ఫ్రేముకు 1.1 మీటరు జరుగుతుంది, చేతికి ఎప్పుడు తగిలిందో తెలియదు. 60 ఫ్రేములైతే 55 సెంటీమీటర్లు, 120 అయితే 28. స్లిప్ క్యాచ్‌లకు 120 ఉండాలి, డీప్ క్యాచ్‌లకు 30 చాలు. డీప్‌లో కొలవాల్సింది ఫీల్డర్ మొదటి అడుగు ఎప్పుడు వేశాడన్నది కాబట్టి వీలైతే రెండో ఫోన్ మైదానమంతా కనిపించేలా పెట్టాలి. ఒకటే ఫోన్ ఉన్న జట్లు స్లిప్ లెక్క మాత్రమే చేయడం మంచిది. అరకొరగా కనిపించే డీప్ క్యాచ్‌లను కలిపితే మంచి లెక్క కూడా చెడుతుంది.

పట్టికలో ప్రతి అవకాశానికీ ఒక వరస. ఓవర్, బంతి, ఫీల్డర్ స్థానం, బ్యాటు నుంచి దూరం, బంతి చేరడానికి పట్టిన ఫ్రేములు, ఫీల్డర్ కదలాల్సిన దూరం, ఏ చేతి వైపు, మోకాలి కిందా ఛాతీ ఎత్తా, ఎండ కళ్లలో పడిందా అన్నవి రాయాలి. ఫలితం గడి చివర్లో ఉండాలి, మొదట ఖాళీగా ఉండాలి. ఇదే ఈ పద్ధతికి ప్రాణం. ఒకరు వీడియోను బంతి చేతికి చేరకముందే ఆగేలా కత్తిరించి ఇవ్వాలి. రెండోవాళ్లు ఫలితం తెలియకుండానే సులువు, మామూలు, కష్టం, అరకొర అని గ్రేడు వేయాలి. పట్టాడని తెలిశాక అందరికీ అది సులువుగానే కనిపిస్తుంది. మహా అనుభవం ఉన్న కోచ్ కూడా దీన్నుంచి తప్పించుకోలేడు.

గ్రేడులకు మొదట ఊహగా విలువలు పెట్టుకోవచ్చు: సులువుకు 0.9, మామూలుకు 0.7, కష్టానికి 0.4, అరకొరకు 0.1. ఉదాహరణకు ఒక ఫీల్డర్‌కు 8 సులువైనవి, 2 మామూలువి వచ్చాయి, మొత్తం 8 పట్టాడు. అతని నుంచి ఆశించింది 7.2కు 1.4 కలిపితే 8.6. అంటే 0.6 తక్కువ. ఇంకొకరికి 4 సులువు, 3 మామూలు, 2 కష్టం, 3 అరకొర అవకాశాలు వచ్చాయి, పన్నెండులో 8 పట్టాడు. ఆశించింది 6.8. అంటే 1.2 ఎక్కువ. 'వదిలిన క్యాచ్‌లు' అని గోడ మీద రాస్తే మొదటివాడు 2, రెండోవాడు 4. ఆ గోడ చూసి జట్టు సరిగ్గా తప్పు మనిషిని స్లిప్ నుంచి తప్పిస్తుంది.

రెండు వందల అవకాశాలు పోగయ్యాక విలువలు సరిచూసుకోవాలి. సులువు అన్నవాటిలో నిజంగా 80 శాతమే పట్టి ఉంటే ఆ విలువ 0.8 చేయాలి. ఐపీఎల్ కోసం వేసిన విలువలు జిల్లా జట్టుకు అరువు తెచ్చుకోకూడదు. సగటు ఫీల్డర్ మారితే కొలబద్ద కూడా మారాలి.

గ్రేడు వేసేవాళ్లు ఇద్దరుండాలి, ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. తర్వాత పొంతన కొలవాలి. 100 సంఘటనల్లో ఇద్దరూ తలా 20ని 'తప్పు' అని రాశారనుకుందాం. ఇద్దరూ కలిసి తప్పన్నవి 12, ఇద్దరూ తప్పు కాదన్నవి 72. పొంతన 84 శాతం, బాగుందనిపిస్తుంది. కానీ ఇద్దరూ కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో గీతలు గీసినా 68 శాతం కలుస్తాయి. ఆ 68 పోగా మిగిలిన 32లో నిజంగా సాధించింది 16. అంటే 0.5. ఈ కొలతకు కోహెన్ కప్పా అని పేరు. 0.5 వచ్చిందంటే గ్రేడుల నిర్వచనాలు ఇంకా వదులుగా ఉన్నాయని అర్థం. తేడా వచ్చిన 16 క్లిప్పులు ఇద్దరూ కలిసి చూసి, ఏ మాట దగ్గర విడిపోయారో కనిపెట్టి, నిర్వచనం తిరగరాయాలి. ఆ తర్వాత కొత్త క్లిప్పులతో మళ్లీ కొలవాలి, పాతవాటితో కాదు.

అంకెలు తక్కువగా ఉన్నప్పుడు తొందరపడకపోవడం అన్నిటికన్నా కష్టం. నూటికి 75 పట్టే స్లిప్ ఫీల్డర్‌కు ఒక సిరీస్‌లో 8 అవకాశాలు వస్తే, నైపుణ్యం ఏమాత్రం తగ్గకుండానే నాలుగో అంతకన్నా ఎక్కువో వదిలే సంభావ్యత 11 శాతం. ఎనిమిదీ పట్టేసే సంభావ్యత 10 శాతం. అంటే ఒకే మనిషి ఒక సిరీస్‌లో ఆణిముత్యంగా, మరో సిరీస్‌లో కన్నాల చేతులవాడుగా కనిపించడానికి అదృష్టం ఒక్కటే చాలు. ఒక సీజన్ లెక్కతో స్లిప్ స్థానం మార్చడం కన్నా, క్లిప్పుల్లో చేతులు ముందే బిగుసుకుంటున్నాయా, బరువు మడమల మీద ఉందా అని చూడటం ఎక్కువ ఉపయోగం.

ఎవరిదో తేలని తప్పులకు విడిగా ఒక గడి ఉంచాలి. కీపర్, స్లిప్ మధ్యలోంచి పోయినవి, పిలుపు వినపడని రనౌట్లు, కబడ్డీలో గొలుసు తెగిన ట్యాకిళ్లు అన్నీ అందులోకి వెళ్లాలి. వాటిని బలవంతంగా ఎవరికో అంటగట్టడం కన్నా, మొత్తంలో ఆ గడి వాటా ఎంతో రిపోర్టు మొదటి పేజీలోనే రాయాలి. ఆ వాటా మూడో వంతు దాటితే వ్యక్తుల పట్టిక విడుదల చేయకుండా జోడీల పట్టిక మాత్రమే ఇవ్వడం న్యాయం. ఈ కీపర్‌తో ఈ ఫస్ట్ స్లిప్, ఈ కార్నర్‌తో ఈ కవర్ అన్నట్టు. గ్రేడులు ఖాయం చేసేముందు కెప్టెన్‌ను ఒక్క ప్రశ్న తప్పకుండా అడగాలి: ఆ బంతికి ఫీల్డర్‌ను అక్కడ నిలబెట్టింది ఎవరు? దగ్గరగా నిలబడమని కెప్టెన్ చెప్పినందుకే స్లిప్ ఫీల్డర్‌కు పదో వంతు సెకను తగ్గి ఉంటే, ఆ వరసలో అతని పేరు పక్కనే కెప్టెన్ పేరు కూడా రాయాలి.